పేజీ నంబర్లు లేని పుస్తకం

ఆ శనివారం, గ్రంథాలయంలో పుస్తకాలు కుట్టి అట్టలు వేసే బైండరమ్మ పైఅంతస్తు హాల్లోకి వెళ్ళింది ఒక కుర్చీ కాలి కింద అట్టముక్క అతికించడానికి. పొడుగుబల్ల చుట్టూ ఉన్న పన్నెండు కుర్చీల్లో అదొక్కటే కుంటిది. వారం వారం చదువరుల సంఘం కూడినప్పుడు ఆ కుర్చీ ఎవరికి తగిలితే వాళ్ళు మాట్లాడినంతసేపూ పడవలో కూర్చున్నట్టు ఊగుతుంటారని గ్రంథాలయాధికారి పొద్దున్నే గుర్తు చేశాడు. తీరా ఆమె జిగురుడబ్బా పట్టుకుని వచ్చేసరికి సంఘం వాళ్ళు అనుకున్న వేళకన్నా ముందే చేరిపోయి, అప్పటికే గొంతులు పెంచి ఉన్నారు. ఆమె ఎవరికీ అడ్డం రాకుండా కుంటి కుర్చీని గోడవారకు లాక్కుని, నేలమీద చతికిలబడి పని మొదలుపెట్టింది.

గొడవంతా ఒక అమెరికా నవల గురించి. మూడు నెలలుగా ఏ పత్రిక తిరగేసినా దాని మాటే. అట్ట మీద గుండ్రటి బంగారురంగు బహుమతి చీటీ, లోపల నాలుగు పేజీల పొగడ్తలు. అనువాదం వచ్చిన పదిహేను రోజులకే అంగళ్ళలో ప్రతులు అయిపోయాయి, మళ్ళీ ఎప్పుడు అచ్చవుతుందో ఎవరికీ తెలియదు. గ్రంథాలయానికి దొరికింది ఒకే ఒక్క ప్రతి. దానికోసం పేర్లు రాయించుకున్నవాళ్ళ జాబితా రెండో కాగితం మీదికి పాకింది.

సంఘం రెండుగా చీలింది. బల్లకు ఇటువైపు కిటికీ పక్కన కూర్చున్నది పొగిడేవాళ్ళు. వాళ్ళకు పెద్ద, సంఘం అధ్యక్షుడు, కాలేజీ ప్రిన్సిపాలుగా చేసి రిటైరైన ఆయన. అందరూ ఇప్పటికీ ప్రిన్సిపాలుగారనే పిలుస్తారు. ఇలాంటి నవల నూరేళ్ళకొకటి వస్తుందని ఆయన వాదన. అధ్యాయాలు లేవు, పేజీలకు నంబర్లు లేవు. జీవితానికి మాత్రం ఎవరు నంబర్లు వేశారు అని ఆయన అడిగితే, పక్కనున్న మందులషాపు యజమాని చేతిలో పెన్ను కింద పెట్టి మరీ తలూపాడు. బల్లకు అటువైపు తెగిడేవాళ్ళు. వాళ్ళ తరఫున మాట్లాడేది లెక్కల టీచరు. ఆరువందల పేజీల్లో ఒక్క మనిషీ నోరారా మాట్లాడడనీ, కథ చెప్పమంటే కళ్ళకు గంతలు కట్టి తిప్పాడనీ, బంగారు చీటీ పీకేస్తే మిగిలేది బరువేననీ ఆవిడ మాట.

ఈ రెండు పక్షాల మధ్య బస్సు డ్రైవరు ఉన్నాడు. సంఘంలో చేరి నాలుగు నెలలే అయింది. బస్సు చివరి స్టాపులో ఆగినప్పుడల్లా పది పది పేజీలు చదువుతాడు. గ్రంథాలయం ప్రతి ఆ వారం అతని దగ్గరే ఉంది. నీలం క్యాలికో గుడ్డ అట్టతో ఉన్న ఆ లావుపాటి పుస్తకాన్ని అతను బల్ల మీద పెట్టి, తనకో సందేహం ఉందన్నాడు. మధ్యలో ఒకచోట దారి తప్పానన్నాడు. ఒక టెలిఫోను ఆఫీసులో పనిచేసే తల్లి, కొడుకు ఉద్యోగానికి వెళ్తున్నాడని చొక్కా ఇస్త్రీ చేస్తుంటుంది. పేజీ చివర "ఇస్త్రీపెట్టె కాలరు మీద ఆనించి," అని ఉంటుంది. కాగితం తిప్పితే ఎక్కడో మంచు, గడ్డకట్టిన నది, ఎవరో తండ్రి.

"ఇది రాసినాయన ఇష్టమా, పుస్తకంలో పొరపాటా? తెలిసినవాళ్ళు చెప్తే ముందుకెళ్తాను. బండి అక్కడే ఆపేశాను," అన్నాడు డ్రైవరు.

ప్రిన్సిపాలుగారు పుస్తకం తీసుకుని కాగితాలు తిప్పుతూ పోయారు. ముప్పై కాగితాల తర్వాత ఆయన ముఖం వెలిగింది. అక్కడ ఒక పేజీ ఇలా మొదలవుతోంది: "మచ్చ చూసి, కాలరు లోపలికి మడిచి, చొక్కాను తలుపు వెనక కొక్కేనికి తగిలించింది." ఆయన రెండు ముక్కలూ కలిపి పైకి చదివారు. ఇస్త్రీపెట్టె కాలరు మీద ఆనించి, మచ్చ చూసి, కాలరు లోపలికి మడిచి. వాక్యం అతికినట్టు సరిపోయింది. హాల్లో ఒక నిట్టూర్పు వినపడింది.

"నవల తప్పు కాదిది, బైండింగు తప్పు," అన్నారాయన. "ముప్పై కాగితాలు ఎక్కడివో తెచ్చి ఇక్కడ దూర్చారు. నా సొంత ప్రతిలో ఇలా లేదు."

బైండరమ్మ చేతిలో జిగురు కుంచె ఆగిపోయింది. అప్పటికిగాని ఆమె అక్కడ ఉన్నట్టు ఎవరూ గమనించలేదు. అందరూ ఒక్కసారి కిందికి చూశారు. మందులషాపు యజమాని, దీనికి అట్ట వేసింది నువ్వే కదమ్మా అని అడిగాడు. ఆమె అవునంది. ప్రిన్సిపాలుగారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"ఆమెననేం లాభం? ఆమెకిది కాగితాల కట్ట. చదివే అలవాటుంటే చూడగానే తెలిసేది, పాపం."

లెక్కల టీచరు వెంటనే అడ్డుపడింది. కానీ అది బైండరమ్మ కోసం కాదు. ఏ వరసలో కుట్టినా ఈ నవల ఇంతేననీ, గోనెసంచిని పట్టుదారంతో కుట్టినా గోనెసంచేననీ ఆవిడ అనగానే బల్లకు అటువైపు నవ్వులు లేచాయి. ఇటువైపు వాళ్ళు మళ్ళీ అందుకున్నారు. బైండరమ్మ అట్టముక్కను బొటనవేలితో నొక్కిపట్టి అరవై లెక్కపెట్టింది. జిగురు పట్టాక కుర్చీని బల్ల దగ్గర నిలబెట్టి, ఊగడం లేదని చూసి, కిందికి వచ్చేసింది.

ఆమెకు ఏడుపు రాలేదు. వచ్చింది భయం. ఎందుకంటే ఆ మాట నిజమే కావచ్చు.

నవల వెన్ను జిగురు విడిపోయి ఆమె దగ్గరికి వచ్చింది మూడు వారాల కిందట. పాత అట్ట ఊడదీసి, జిగురు పట్టిన అంచును కోతయంత్రంలో సన్నగా కోసేస్తే పుస్తకం విడి కాగితాల దొంతర అయిపోతుంది. దాన్ని రెండు చేతుల మధ్య బిగించి పట్టుకుని, పుస్తకాలు బిగించే ప్రెస్సు దగ్గరికి తెస్తుండగా మోచేయి తలుపు గడియకు తగిలింది. మధ్యనుంచి ఒక గుత్తి జారి నేలంతా పరుచుకుంది. నంబర్లుంటే రెండు నిమిషాల పని. లేవు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కాగితం చివరిమాటకు ఏ కాగితం మొదటిమాట అతుకుతుందో చూస్తూ గంటన్నర సేపు పేర్చింది. అతికాయనే అనుకుంది. బెజ్జాలు వేసి, మైనం దారంతో కుట్టి, వెన్ను మీద వలలాంటి పలచటి గుడ్డ అంటించి, అట్టలు బిగించి, రెండు రోజులు ప్రెస్సులో ఆరబెట్టి పంపింది. కాగితాలు పడ్డాయని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఎవరో గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకోవలసి వచ్చింది.

సోమవారం ఉదయం గ్రంథాలయాధికారి తానే బైండింగు గదికి వచ్చాడు. మనిషి మంచివాడే గానీ ఉత్తరం అంటే భయం. చేతిలో ఉత్తరమే ఉంది. చదువరుల సంఘం అధ్యక్షుడు పాలకమండలికి రాశాడు, నకలు ఈయనకు. అపురూపమైన గ్రంథాన్ని గ్రంథాలయమే పాడుచేసిందని అందులో సారాంశం. బైండింగు పని బయట యంత్రాల వాళ్ళకిచ్చి, ఈ గదిని కంప్యూటర్లకు వాడుకుందామని మండలి ఏడాదిగా అనుకుంటూనే ఉంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదేనమ్మా అన్నాడాయన, గోరు ఎవరిదో చెప్పకుండా.

ఆయన ఒక ఉపాయం కూడా తెచ్చాడు. వచ్చే శనివారం ప్రిన్సిపాలుగారు తన సొంత ప్రతి తెచ్చి అందరి ముందూ పోల్చి చూపిస్తానన్నారు. అంతవరకూ ఎందుకు? ఈ రోజే కుట్టు విప్పేసి, ఆ ముప్పై కాగితాలూ తీసి, ఆయన చెప్పినట్టు రెండు ముక్కలూ కలిపేసి, మిగిలినవి ఎక్కడ పడితే అక్కడ పెట్టేస్తే, తప్పు దిద్దామని తాను జవాబు రాసేస్తాడు. డ్రైవరు దగ్గరనుంచి పుస్తకం తెప్పించాడు కూడా.

బైండరమ్మ పుస్తకం బల్ల మీద వెల్లకిలా తెరిచింది. చిన్న కత్తి తీసి మొదటి కుట్టు కిందికి మొన దూర్చింది. దారం తెగడానికి వెంట్రుకవాసి ఉంది. అక్కడ ఆగింది. ఆ ముప్పై కాగితాలూ ఎక్కడ పడితే అక్కడ పెట్టడమంటే ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. ఈ పనిలో ఉన్న పందొమ్మిదేళ్ళలో ఏ కాగితాన్నీ అలా పెట్టలేదు.

"ఏది ముందో ఏది వెనకో తెలియకుండా కుట్టు విప్పలేను సార్," అంది. "చదివి చెప్తాను."

"ఆరువందల పేజీలు. ప్రొఫెసర్లకే కొరుకుడు పడట్లేదమ్మా."

"శనివారం దాకా టైముంది కదా సార్."

ఆయన ఆమె వంకా, కత్తి వంకా చూసి, పుస్తకం ఆమె పేర రాసుకుంటానని చెప్పి వెళ్ళాడు. అన్నేళ్ళుగా వేల పుస్తకాలు ఆమె చేతుల మీదుగా వెళ్ళాయి గానీ ఆమె పేర రాసింది ఇదే మొదటిది.

బైండరమ్మ చదవగలదు. కుట్టేముందు మొదటి పేజీ, కుట్టాక చివరి పేజీ చూస్తుంది. మధ్యలో ఏముందో చూడబోతే జిగురు ఆరిపోతుంది. అందుకే ఈ పుస్తకం మొదట్లో ఆమెను చాలా ఏడిపించింది. సోమవారం మధ్యాహ్నం భోజనాల వేళ ప్రెస్సు పక్కన కూర్చుని ఇరవై పేజీలు చదివితే పదిహేను పేజీలు గాలి గురించే. ఆ గాలిలో ఒక టెలిఫోను స్తంభం. లెక్కల టీచరు మాట నిజమే అనిపించింది. కానీ యాభై పేజీలు దాటాక టెలిఫోనావిడ పగటిపూట డ్యూటీలో ఊళ్ళోవాళ్ళందరి మాటలూ కలుపుతూ కూర్చుని, ఇంటికొచ్చి తన కొడుకుతో ఒక్కమాట కలపలేక పళ్ళెం ముందు పెట్టి నిలబడింది. ఆ పేజీ తిప్పడానికి బైండరమ్మకు కాస్త సమయం పట్టింది. ప్రిన్సిపాలుగారి మాటా నిజమే కాబోలు అనుకుంది.

ఇంటికి తీసుకెళ్ళి, సాయంత్రాలు వరండాలో చదివింది. లారీ మీద వెళ్ళిన భర్త ఆదివారం దాకా రాడు. ఇంట్లో ఉన్నది అత్తగారు. ఆవిడ ముప్పైరెండేళ్ళు పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లూ కోట్లూ ఇస్త్రీ చేసిన మనిషి. కుడి భుజం ఇప్పటికీ ఎడమదానికంటే కిందికి ఉంటుంది. చదువు రాదు, చెవులు మాత్రం పాము చెవులు. కోడలు మనసులో చదువుకుంటుంటే సహించలేదు.

"మూగదానిలా ఆ పెదాలు కదపడమేంటే? పైకి చదువు. నేనూ మనిషినే కదా."

అలా ఆవిడకు కూడా నవల వినపడసాగింది. మంగళవారం నాటికి ఆవిడ ఆ ఊరి మనుషులందరికీ వరసలు కలిపేసింది. పాలు పోసేవాడు ఒట్టి వెధవ, టెలిఫోనావిడ వదిన మనసులో విషం, కొడుకు అమాయకుడు. గాలి గురించి వచ్చినప్పుడల్లా, ఇక్కడ గాలి చాలు, ముందుకు పద అనేది. బుధవారం కోడలు ఇల్లు చేరేసరికి చీపురు మూల పెట్టి, టెలిఫోనావిడ డ్యూటీ దిగిందా అని అడిగింది.

ఆ సాయంత్రమే కోడలు జరిగిన సంగతి చెప్పింది. శనివారం హాల్లో ఏమన్నారో, సోమవారం ఉత్తరం ఏమిటో, మూడు వారాల కిందట నేల మీద పరుచుకున్న కాగితాల సంగతి కూడా. అత్తగారు అంతా విని, ఆడలేక మద్దెల ఓడన్నట్టు చదవలేక బైండింగు ఓటిదంటున్నారా అంది. కోడలికి నవ్వు రాలేదు. మద్దెల నిజంగానే ఓడేమో అత్తయ్యా అంది.

గురువారం సాయంత్రానికి ఆ చోటు వచ్చింది. బైండరమ్మ గొంతు సవరించుకుని చదివింది. ఇస్త్రీపెట్టె కాలరు మీద ఆనించి. కాగితం తిప్పింది. మంచు. గడ్డకట్టిన నది మీద తండ్రి ముందు నడుస్తుంటాడు, వెనక పదేళ్ళ పిల్ల, దాని చేయి పట్టుకుని చిన్న తమ్ముడు. ఊలు చేతితొడుగు వదులుగా ఉంది. అరవై పేజీల మంచులో వాళ్ళు నది దాటుతారు. ఎక్కడో మధ్యలో చప్పుడవుతుంది. పిల్ల చేతిలో చేతితొడుగు మాత్రం మిగులుతుంది. తండ్రి వెనక్కి తిరుగుతాడు. ఆ తిరగడానికే ఎనిమిది పేజీలు పట్టింది. అత్తగారు ఒక్కసారి కూడా ముందుకు పద అనలేదు. చదవడం ఆపేసరికి ఎదురింటి పిల్లలు ఆటలు మాని ఎప్పుడు లోపలికి వెళ్ళిపోయారో ఇద్దరూ గమనించలేదు.

బైండరమ్మ తర్వాతి పేజీ చదివింది. మచ్చ చూసి, కాలరు లోపలికి మడిచి, చొక్కాను తలుపు వెనక కొక్కేనికి తగిలించింది.

తర్వాత వెనక్కి తిప్పి, ప్రిన్సిపాలుగారు చదివినట్టు రెండు ముక్కలూ కలిపి చదివి చూపించింది. చూడండత్తయ్యా, ఎంత బాగా అతికిందో, ఆయన మాటే నిజం, ఈ మంచంతా వేరే చోటిది, నేనే తప్పు పేర్చాను అంది.

అత్తగారు మళ్ళీ చదవమంది. చదివింది. అత్తగారు కుడిచేయి చాపి, గాలిలోనే పెట్టె పట్టుకున్నట్టు పిడికిలి బిగించి, మోకాలి మీదికి వంచింది.

"ఆనించగానే మచ్చ ఎలా పడుతుందే?" అంది.

కోడలు తలెత్తి చూసింది.

"ముప్పైరెండేళ్ళు ఆ పనే చేశాను. ఆనించి లాగేస్తే ఏ బట్టా కాలదు. మచ్చ పడాలంటే పెట్టె అక్కడే ఉండిపోవాలి. చేయి కదలకూడదు. మనసు ఎక్కడికో పోవాలి." ఆవిడ పిడికిలి అలాగే మోకాలి మీద ఉంది. "మీ మామగారు పోయిన ఏడు డాక్టర్ల కోట్లు మూడు కాల్చాను నేను. పెద్ద నర్సు తిట్టేదాకా వాసన కూడా తెలియలేదు."

బైండరమ్మ పుస్తకం వంక చూసింది. చొక్కా కాలడానికి పట్టినంత సేపూ ఆ టెలిఫోనావిడ నది మీద ఉంది, తమ్ముడి చేయి పట్టుకున్న ఆ పదేళ్ళ పిల్ల అయి. ఆ అరవై పేజీలూ ఆ పెట్టె కిందే ఉన్నాయి. తీసేస్తే వాక్యం అతుకుతుంది. మచ్చ మాత్రం అతకదు.

శుక్రవారం ఆమె సెలవు పెట్టి మిగతాదంతా చదివేసింది. చివరి వంద పేజీలూ ఇద్దరికీ విసుగు పుట్టించాయి. రాసినాయనకు ముగించడం చేతకాలేదని అత్తగారు తేల్చేసింది. అయితే ఆ విసుగులోనే ఒకచోట కొడుకు నగరంలో ఉద్యోగం కోసం ఎవరి ముందో కూర్చుని, కాలరు మడత కింద గరుకుగా ఉన్న మచ్చను వేలితో తడుముకుంటాడు. అమ్మను అడగలేదు అని మాత్రం ఉంటుంది. బైండరమ్మ అక్కడ ఒక కాగితపు ముక్క పెట్టింది.

శనివారం నాలుగింటికి హాలు నిండింది. పన్నెండు కుర్చీలు చాలక కింద నుంచి స్టూళ్ళు తెచ్చారు. వారమంతా ఈ సంగతి పాకింది కాబోలు, ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. గ్రంథాలయాధికారి తలుపు పక్కన నిలబడ్డాడు. ప్రిన్సిపాలుగారు సంచిలోంచి తన ప్రతి తీసి బల్ల మీద పెట్టారు. గుండ్రటి చీటీ ఇంకా తళతళలాడుతోంది. ముందుగా దీన్ని తేల్చేసి, తర్వాత సాహిత్యం మాట్లాడుకుందాం అన్నారాయన.

బైండరమ్మ నీలం అట్ట పుస్తకం పట్టుకుని బల్ల చివర నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు, ఆమెకూ తోచలేదు. ఆయన తన ప్రతి తెరవబోతుంటే, ఆగండి సార్, ముందు నేను రెండు మాటలు చెప్పాలి అంది. ఆమె గొంతు ఆ హాల్లో ఎలా ఉంటుందో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. అంత నిలకడగా ఉంటుందని ఆమెకూ తెలియదు.

"బైండింగు చేసేటప్పుడు కాగితాలు నా చేతిలోంచి పడిపోయాయి," అంది. "నంబర్లు లేవు. మాట చూసి మాట పేర్చాను. ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. అది నా తప్పు."

గ్రంథాలయాధికారి కళ్ళు మూసుకున్నాడు. ప్రిన్సిపాలుగారు జాలిగా తలాడించారు. మందులషాపు యజమాని ఇంకేం, తేలిపోయిందిగా అన్నట్టు అందరి వంకా చూశాడు.

"కానీ వరస తప్పలేదు. ఈ పుస్తకం ఇలాగే ఉండాలి. మీ పుస్తకం తెరవకముందే చెప్తున్నాను."

ఆమె ఆ చోటు తెరిచి చదివింది. అంతా చదవలేదు, కాలరు మీద పెట్టె ఆనించడం, నది, చేతిలో మిగిలిన చేతితొడుగు, తండ్రి తిరగడంలో ఒక పేజీ. చదువుతున్నంతసేపూ ఎడమచేయి పుస్తకం వెన్ను కింద, కుడిచేయి పేజీ మీద చదునుగా పరిచి ఉంది. తర్వాత మచ్చ దగ్గరికి వచ్చింది. పెట్టె ఆనించగానే బట్ట కాలదనీ, ఇది తన మాట కాదనీ, ముప్పైరెండేళ్ళు ఆసుపత్రి బట్టలు ఇస్త్రీ చేసిన తన అత్తగారి మాటనీ చెప్పింది. ఆ తల్లి నది మీదికి వెళ్ళి వచ్చేసరికి చొక్కా కాలింది. కొడుక్కి ఆ సంగతి తెలియదు. మచ్చ ఒక్కటే తెలుసు. ఆమె కాగితపు ముక్క పెట్టిన చోటు తెరిచి కొడుకు వేలితో తడుముకోవడం చదివి, పుస్తకం మూసింది.

బస్సు డ్రైవరు బల్ల మీద మోచేతులు ఆనించి, నేను బండి ఆపింది సరిగ్గా నది ఒడ్డునన్నమాట అన్నాడు మెల్లగా.

ప్రిన్సిపాలుగారు, బాగానే ఉంది గానీ ఆధారం అన్నది ఒకటుంటుంది కదమ్మా అన్నారు. ఆయన తన ప్రతిని ఆమె ముందుకు తోశారు. అందులో ఆ చోటు వెతికే పని ఆయన ఆమెకే వదిలేయడం లెక్కల టీచరు గమనించింది.

బైండరమ్మ పుస్తకాన్ని చేతిలోకి తీసుకుంది. తీసుకోగానే ఆమె వేళ్ళకు తెలిసిపోయింది. చదివిన పుస్తకం వెన్ను మీద గీతలు పడతాయి, ఎంతదాకా చదివితే అంతదాకా. ఈ వెన్ను మీద మొదటి వేలి మందం మేర మూడు గీతలున్నాయి. ఆ తర్వాత అచ్చాఫీసునుంచి వచ్చినంత నునుపు. ఆమె ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. మధ్యకు అంచనాగా తెరిచింది. కోత అంచున అంటుకుని ఉన్న కాగితాలు ఒకదాన్నొకటి విడిచిపెడుతూ చిటపటమన్నాయి. కొత్త పుస్తకం మొదటిసారి తెరుచుకున్నప్పుడు వచ్చే చప్పుడు అది. పుస్తకాలు చదివేవాళ్ళతో నిండిన ఆ హాల్లో ఆ చప్పుడు తెలియనివాళ్ళు ఎవరూ లేరు.

ఆమె తిప్పుతూ పోయింది. చిటపట. చిటపట. చివరికి ఆగి, పుస్తకాన్ని ఆయనవైపు తిప్పి పెట్టింది. ఇస్త్రీపెట్టె కాలరు మీద ఆనించి. పక్కనే తన నీలం అట్ట పుస్తకం తెరిచి పెట్టింది. రెండింట్లోనూ తర్వాతి కాగితం మీద మంచు. ముప్పై కాగితాల తర్వాత రెండింట్లోనూ మచ్చ.

వెన్ను మీది గీతల గురించి ఆమె ఒక్కమాట అనలేదు. అవసరం లేకపోయింది. ప్రిన్సిపాలుగారి చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నారు. నలభయ్యేళ్ళు పాఠం చెప్పిన మనిషి. అబద్ధం చెప్పి దొరికిన విద్యార్థి ముందు తానేం చేసేవారో గుర్తొచ్చిందేమో.

"నేను అక్కడిదాకా చదవలేదు," అన్నారు. "నా ప్రతిలో ఇలా లేదని పోయిన వారం అన్నాను. అది చూసి అన్న మాట కాదు. నన్ను క్షమించమ్మా. మండలికి ఉత్తరం ఈ రోజే రాస్తాను, పాతది తప్పని."

ఆ మాట ఆయన నోట వచ్చాక మిగతావాళ్ళకు ధైర్యం వచ్చింది. మందులషాపు యజమాని తాను పావువంతు దగ్గరే ఆపేశానని గొణిగాడు. ఎవరో వెనకనుంచి, అట్టమీది పొగడ్తలు మాత్రం పూర్తిగా చదివామన్నారు. నవ్వులు లేచాయి. లెక్కల టీచరు కూడా చేయెత్తింది. మంచు అని కనపడగానే ఆ భాగమంతా గబగబా తిప్పేశాననీ, పైగా ఒక పేజీ వదలకుండా చదివి మరీ తిడుతున్నానని అందరితో చెప్పుకున్నాననీ ఒప్పేసుకుంది. గోనెసంచి మాట కూడా వెనక్కి తీసుకుంటున్నానంది. ఒక క్షణం ఆగి, కుట్టినామె విషయంలో మాత్రమే, సంచి విషయంలో కాదు అని చేర్చింది.

అంతలో డ్రైవరు లేచి తన కుర్చీ బైండరమ్మ వైపు జరిపి, తాను గోడకు ఆనుకున్నాడు. ఆమె ఒక్క నిమిషం దాని వంక చూసి, కూర్చుంది.

అప్పుడు ప్రిన్సిపాలుగారు అడిగారు. ఈసారి గొంతులో జాలి లేదు. ఈ గదిలో పుస్తకం మొత్తం చదివినవాళ్ళు మీరొక్కరే, మీకెలా ఉంది అని. నువ్వు మీరయిందని ఆయనకు తెలుసో లేదో.

అందరూ ఆమె వైపు తిరిగారు. పొగిడేవాళ్ళు పొగుడుతుందని, తెగిడేవాళ్ళు తమ పక్షం చేరుతుందని. బైండరమ్మ కాస్త ఆలోచించింది. నది భాగం చదివాక మర్నాడంతా చేతికి వేరే పని తోచలేదని చెప్పింది. అంత బాగా రాసిన మనిషి చివరి వంద పేజీల్లో ఎందుకంత సాగదీశాడో, ముగించడం తెలియకనా, ముగించబుద్ధి కాకనా అని తనకింకా తేలలేదంది. పాలు పోసేవాణ్ణి ఎందుకు తెచ్చాడో ఎందుకు వదిలేశాడో అర్థం కాలేదంది. నంబర్లు వేయకపోవడం మాత్రం తనకు నచ్చలేదని, రాసేవాడికి సరదాగానే ఉంటుందనీ, పట్టుకుని కుట్టేవాళ్ళు కూడా లోకంలో ఉంటారనీ చెప్పింది.

హాలు గొల్లుమంది. లెక్కల టీచరు నవ్వుతూనే కుర్చీ ముందుకు జరుపుకుని, అయితే ఆ తల్లి కొడుక్కి ఒక్కమాట చెప్పేస్తే ఆరువందల పేజీలు మిగిలేవి కదా, ఎందుకు చెప్పలేదో చెప్పండి అంది. మందులషాపు యజమాని, కొన్ని చెప్పుకోలేని బాధలుంటాయండీ అన్నాడు. ఆయన్ను కూర్చోబెట్టి, మిమ్మల్నడగలేదు, ఆవిణ్ణడిగాను అంది టీచరు. ఇటువాళ్ళు అటూ, అటువాళ్ళు ఇటూ మాట్లాడడం మొదలైంది. ఎవరు ఏ పక్షమో బల్లను బట్టి చెప్పడానికి వీల్లేకుండా పోయింది. డ్రైవరు గోడ దగ్గర్నుంచే, మిగతా పుస్తకం నేను చదివేదాకా ముగింపు చెప్పకండని బతిమాలుతున్నాడు.

ఆరయింది. మూసేవేళ దాటిందని గ్రంథాలయాధికారి తాళంచెవులు గలగలలాడించాడు. ముందు వరసవాళ్ళు సంచులు సర్దుకుంటూ లేవబోయారు.

"కూర్చోండి," అంది బైండరమ్మ. "ఆ తల్లి ఎందుకు చెప్పలేదో నేనింకా చెప్పలేదు."

అందరూ కూర్చున్నారు.